స్విస్ పద్ధతి (చదరంగం)

స్విస్ పద్ధతి అనేది చదరంగం పోటీల్లో ఎవరినీ మధ్యలో తొలగించకుండా, ప్రతి రౌండులోనూ సమానమైన లేదా దగ్గరి పాయింట్లున్న ఆటగాళ్లను జతపరిచే విధానం. దీని రూపకర్త జూలియస్ ముల్లర్. 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో జరిగిన పోటీలో దీన్ని తొలిసారి వాడారు. చదరంగం ఒలింపియాడ్‌లోకి ఇది 1976లో వచ్చింది.

తక్కువ సమయం, ఎక్కువ మంది ఆటగాళ్లు ఉండే స్థానిక క్లబ్బులకు ఇది ఎంతో అనువైనది. 16 మందిలో ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడాలంటే 15 రౌండ్లు, 120 ఆటలు కావాలి. స్విస్ పద్ధతిలో 5 రౌండ్లు, 40 ఆటలతో విజేత తేలవచ్చు.

స్విస్ పోటీల్లో జతలు కూర్చే పద్ధతుల్లో ఒకటైన డచ్ విధానంలో ఆటగాళ్లను రేటింగు క్రమంలో పేర్చి, ఒకే పాయింట్లున్న బృందంలో పైసగాన్ని కిందిసగంతో జతచేస్తారు. తొలి రౌండులో 16 మందిలో 1వ స్థానంలోని వారికి 9వ స్థానంలోని వారు ప్రత్యర్థి. ఒకే జంట రెండుసార్లు తలపడదు. మొదటి ఎత్తు తెల్లపావులదే కావడంతో వాటికి స్వల్ప అనుకూలత ఉంటుంది. అందువల్ల రంగుల పంపకంపై నియమాలు కఠినంగా ఉంటాయి. చివరి రౌండులో కొన్ని మినహాయింపులు తప్ప, వరుసగా మూడుసార్లు ఒకే రంగు రాకూడదు. తెలుపు, నలుపు ఆటల తేడా రెండు దాటకూడదు. ఆటగాళ్ల సంఖ్య బేసి అయితే, జత లేని వ్యక్తికి 'బై' కింద సాధారణంగా ఒక పాయింటు దక్కుతుంది.

పాయింట్లు సమమైతే ప్రత్యర్థులు సాధించిన పాయింట్ల మొత్తాన్ని, అంటే బుక్‌హోల్ట్స్ స్కోరును చూస్తారు. తుది పట్టికలో అగ్రస్థానాలే ఎక్కువ నమ్మదగినవి. మధ్య ర్యాంకులు చివరి రౌండు జతలను బట్టి బాగా మారిపోతాయి.