తెలుగునాట పస్కా పండుగ

ఉగాదినాడు వేపపువ్వు చేదు నోట పెట్టని తెలుగు యిల్లు అరుదు. ఇంచుమించు ఆ దినములలోనే, వసంతకాలపు పౌర్ణమి రాత్రి, గుంటూరు జిల్లా చేబ్రోలు దాపుననున్న కొత్తరెడ్డిపాలెములో కొన్ని కుటుంబములవారు మరొక పండుగ చేసికొందురు. అది యూదుల పస్కా. ఆ విందులోను చేదు కలదు. తెలుగు మాటలాడు యూదులా యని శ్రోతలు విస్మయపడవచ్చును, మేమును పడితిమి. ఈ కథకు ఒక కొస మన విశాఖపట్టణముననే యున్నది. అచటనుండియే మొదలిడుదుము.

1805లో లండను మిషనరీ సంఘము పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను ఇరువురు విశాఖకు వచ్చిరి. తెలుగు నేర్చి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెలిగింప పూనుకొనిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపురమున అచ్చుపడునాటికి ఆ ఇరువురును జీవించి లేరు. పని మాత్రము ఆగలేదు. 1854లో బైబిలు సమగ్రముగా తెలుగున వెలువడెను. వచ్చినవారు క్రీస్తు కథ చెప్పవలెనని వచ్చిరి. అదే సంపుటములో యూదుల మోషే కథయు తెలుగు పల్లెలు చేరెను.

ఐగుప్తు దేశమున ఇటుకలు చేయు బానిసలు మోషే వెంట నడచి స్వతంత్రులైరని నిర్గమకాండము చెప్పును. ఏటేట ఆ రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొనుటయే పస్కా. పిండి పులియువరకైనను ఆగ వ్యవధి లేక పయనమైనందుకు గురుతుగా పులియని రొట్టె తిందురు. దాస్యమునకు గురుతు చేదు ఆకులు, కన్నీటికి ఉప్పునీరు, ఇటుకల అడుసునకు పండ్లు, పప్పులు కలిపి నూరిన తీపి ముద్ద. ఇంటిలో కడగొట్టుబిడ్డ ఈ రాత్రి విశేషమేమని అడుగవలెను, పెద్దలు చెప్పవలెను. విడుదలైనది ఎన్నడో గతించిన తాతలు కారు, తామే యని ప్రతివాడును తలపవలెనని విధి. విందునకు మొదట ఆకలిగొన్నవారిని లోనికి పిలుతురు.

యూదుల ధర్మశాస్త్రమంతయు ఈ జ్ఞాపకము మీదనే నిలిచినట్లు మాకు తోచినది. పరదేశిని పీడింపరాదనుటకు అది చూపు హేతువు పుణ్యము కాదు. మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరి గదా యనుటయే. కోతవేళ పొలము అంచులు కోయక విడువవలెను, రాలిన వెన్నులను ఏరరాదు; అవి బీదలవి. కృష్ణా గోదావరి పొలములలో పరిగె ఏరుకొను స్త్రీలను చూచినవారికి ఇది క్రొత్త కాదు. భేదమెచటననగా, ఇచట పరిగె రైతు దయ. అచట అది బీదల హక్కు. పస్కా తరువాత ఏడు వారములకు వచ్చు పండుగలో రూతు కథ చదువుదురు. ఆమె పరిగె ఏరుకొని అత్తను పోషించిన పరదేశపు విధవ.

ఏడవనాటి విశ్రాంతియు నిట్టిదే. అది యజమానికే కాక దాసునికి, దాసికి, ఎద్దునకు, గాడిదకు కూడ విధింపబడినది. ద్వితీయోపదేశకాండము దానికిని ఐగుప్తు దాస్యమునే కారణముగా చెప్పును. మన ఉక్కు కర్మాగారమున కొలిమికి సెలవు లేదు, మనిషికి కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దానిని హక్కు చేసినది. షిఫ్టు దిగివచ్చు కార్మికుడు తేలికగా పలుకు 'వీక్లీ ఆఫ్' అను మాట వెనుక ఎంత పాత తలంపు కలదో!

ఏడవయేట అప్పులు రద్దు కావలెనను విధి మాత్రము చిక్కు తెచ్చినది. ఆ యేడు దగ్గరపడిన కొలది ధనికులు అప్పీయ మానిరి. రెండువేల యేండ్ల క్రిందట హిల్లేలను పండితుడు, బాకీని న్యాయస్థానమునకు అప్పగించినచో అది రద్దు కాదని ఒక పత్రము కల్పించెను. బీదలకు మరల అప్పు పుట్టెను. ఋణవిమోచన చట్టములనెరిగిన మన రైతులకు ఈ చిక్కు తెలియనిది కాదు. ఇక ప్రాయశ్చిత్త దినమున, అందరును ఉపవాసముండగా, యెషయా ప్రవక్త వచనములు చదువుదురు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక, అణగినవాని కాడి విరువక చేయు ఉపవాసము వ్యర్థమని వాని భావము. ఉపవాసమున్నవారికే ఆ మాట వినిపించుట మిక్కిలి ధైర్యమని మా అభిప్రాయము.

ఇట్టి కథ తెలుగునాట ఎవరి చెవిని సోకినది? 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్తిస్టు జాన్ క్లౌ దొరవద్దకు ముందుగా వచ్చినవారు మాదిగలు. చెప్పులు కుట్టి, చచ్చిన పశువులనెత్తి, పిలిచినపుడెల్ల వెట్టి చేసి ఊరి వెలుపల బ్రదికినవారు. 1876-78 నాటి కరవులో దొర బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగము కంట్రాక్టు తీసికొని వారికి కూలి చూపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కొత్తరెడ్డిపాలెపువారును మాదిగ క్రైస్తవ కుటుంబములలోనివారే. 1980ల చివర షమూయేలు, సాదోకు యాకోబీ సోదరుల నాయకత్వమున వారు తాము పూర్వము చెదరిపోయిన ఎఫ్రాయిము గోత్రపువారమని చాటి, బెనె ఎఫ్రాయిము అను పేరు వహించిరి. 1991లో ప్రార్థనకు సమాజమందిరము నెలకొల్పుకొనిరి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు అచట నివసించి పరిశీలించి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. వంశమును గూర్చిన ఆ వాదమునకు చరిత్రకారులు ఒప్పు ఆధారము లేదు. మేము దానిని సమర్థింపము. కాని, విడుదలైనది తామే యని తలపవలెనను పస్కా విధి వెట్టి చేసినవారి మనుమలకు ఒట్టి అలంకారము కాజాలదు.

దానికి వెలయు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులకు అందు చోటు లేదు, యూదులకును లేదు. ఏ దాస్యమునకు పరిహారముగా రిజర్వేషను ఏర్పడెనో, ఆ దాస్యవిమోచనమును పండుగ చేసికొని, యూదుడనని కాగితముపై వ్రాయించుకొన్న మాదిగ యువకునికి ఆ రిజర్వేషను చేజారును.