వీరగల్లు మీది క్రింది వరుస

చైత్రమాసము వచ్చినదనగా వరంగల్లు నగరములోని కాశిబుగ్గ కూడలిలో గాలి మిర్చి ఘాటుతో నిండియుండును. ఎనుమాముల మార్కెట్టుకు పోయే లారీలు, ట్రాక్టర్లు ఆ దారిన బారులు తీరి సాగుచుండును. 2015వ సంవత్సరము ఏప్రిల్ మొదటివారములో ఒకనాటి ఉదయము మేము ఆ కూడలిలో ఒక టీ దుకాణము ముందు నిలిచియుంటిమి. బల్లమీది దినపత్రికలో, మంచు నేపథ్యముగా, జాతీయపతాకము చేతబట్టిన ఒక యువకుని చిత్రము ఉన్నది. పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు మరణించినాడన్న వార్త అది.

చుట్టూ చేరినవారిలో ఒకరు ఆ వార్తను బిగ్గరగా చదివినారు. బస్తాలు మోసి అలసిన ఒక వృద్ధ హమాలీ అంతయు విని, "ఏడు ఖండాల కొండలెక్కినోడు, గా కొండ మీద ఎట్ల పోయిండు? అసలు గంత దూరం ఎందుకు పోయిండు? ఎవరు పొమ్మన్నరు?" అని అడిగినాడు. పక్కనున్న విద్యార్థి ఒకడు నొచ్చుకొని, "అట్లనకు తాతా, దేశం పేరు నిలబెట్టిండు" అన్నాడు. వృద్ధుడు మారు పలుకలేదు. టీ త్రాగి, తువాలు భుజాన వేసికొని వెడలిపోయినాడు.

ఆ ఇద్దరి మాటలలో ఏది సరియైనది? ఆనాడు మాకు విద్యార్థి మాటయే గౌరవముగా తోచినది. పిమ్మట ఆలోచింపగా, వృద్ధుని ప్రశ్నకు ఎవరమును సమాధానము చెప్పలేదనియు, ఆ ప్రశ్న ఈ నేలకు క్రొత్తది కాదనియు తోచినది. బలశాలియైనవాడు హఠాత్తుగా మరణించినపుడు ప్రజలు ఏమి చేయుదురు, ఏమి చేయవలెను అన్న విషయమును ఈ ప్రసంగములో ముచ్చటించుకొందము.

మొదట ఆయన కథ. మస్తాన్ బాబు 1974లో నెల్లూరు జిల్లా సంగం మండలములోని గాంధీ జనసంఘము అను చిన్న పల్లెలో జన్మించినారు. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినారు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగపూర్ ఐ.ఐ.టి.లో పై చదువు, కలకత్తా ఐ.ఐ.ఎం.లో నిర్వహణశాస్త్రము పూర్తి చేసినారు. అంత చదువు చదివినవానికి ఆ దినములలో మంచి జీతము, మేడ, కారు దూరములో లేవు. ఆయన పర్వతములను ఎంచుకొన్నారు.

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరమును ఎక్కి, ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని అకంకాగ్వా, మార్చిలో ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ ఒకటవ తేదీన ఆస్ట్రేలియాలోని కోషియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్‌లో ఐరోపాలోని ఎల్బ్రస్, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలి శిఖరములను అధిరోహించినారు. ఏడు ఖండములలోని ఏడు మహోన్నత శిఖరములకు పట్టిన కాలము 172 దినములు. ఒక తెలుగు పల్లె బిడ్డ ఆరు నెలలు నిండకముందే భూగోళమును శిఖరముల మీదుగా చుట్టి వచ్చినాడన్నమాట.

తొమ్మిది సంవత్సరముల తరువాత, 2015 మార్చి 24న, అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దున ఆండీస్ పర్వతములలో ట్రెస్ క్రూసెస్ అను శిఖరము దిశగా ఆయన ఒంటరిగా బయలుదేరినారు. దాని ఎత్తు 6,700 మీటర్లకు పైగా ఉన్నది. ఐదున్నర వేల మీటర్ల ఎత్తుననే గాలి పీడనము సముద్రమట్టమున ఉన్నదానిలో సగమునకు దిగును. ఇంకను పైకి పోయినకొలది ప్రతి అడుగునకు ఆగి ఊపిరి తీసికొనవలసివచ్చును. ఆ దినములలోనే, లోకములో అతిశుష్కమైన ఎడారులలో ఒకటియైన అటకామా ప్రాంతమున, ఎన్నడును ఎరుగని కుండపోత వర్షములు కురిసి వరదలు ముంచెత్తినవి. మైదానమునే ముంచిన ఆ తుపాను పర్వతముపై మంచుగాను, ఈదురుగాలిగాను విరుచుకుపడినది. మస్తాన్ బాబు తిరిగి రాలేదు.

ఆయన జాడ తెలియక గడచిన దినములు సుమారు పది. ఆ పది దినములలో ప్రజల స్పందన మొదటి రూపమును మనము చూచినాము. అది వెదుకులాట. సహాధ్యాయులు దేశదేశముల నుండి పిలుపునిచ్చినారు. అప్పటి విదేశాంగ మంత్రి శ్రీమతి సుష్మా స్వరాజ్ స్వయముగా పట్టించుకొని ఎప్పటికప్పుడు సమాచారము తెలిపినారు. తెలుగు రాష్ట్రము రెండుగా విడివడి అప్పటికి ఏడాది నిండలేదు. అయినను నెల్లూరు బిడ్డ కొరకు వరంగల్లు కాశిబుగ్గలో ఆరాటపడుటకు ఆ సరిహద్దు అడ్డురాలేదు. ఏప్రిల్ 3న ఆయన దేహము కనబడినది. దానిని పర్వతముపై నుండి దింపి, సముద్రములు దాటించి, పుట్టిన పల్లెకు చేర్చుటకు మరి మూడు వారములు పట్టినది. నెలాఖరున గాంధీ జనసంఘములో జరిగిన అంత్యక్రియలకు జనము తరలివచ్చినారు.

ఆ వెదుకులాటను చూచినపుడు మాకు 1924 నాటి సంగతి స్ఫురించినది. ఆ సంవత్సరము జూన్ 8న జార్జి మాలరీ, ఆండ్రూ ఇర్విన్ అను ఆంగ్లేయులు ఇరువురు ఎవరెస్టు పై భాగమున మేఘములలో అదృశ్యులైనారు. ఆ అక్టోబరు 17న లండనులోని సెయింట్ పాల్ ప్రధాన దేవాలయమున జరిగిన సంస్మరణ ప్రార్థనకు అయిదవ జార్జి చక్రవర్తి స్వయముగా హాజరైనారు. మాలరీ దేహము 1999 మే నెలలో గాని కనబడలేదు. ఆ డెబ్బదియైదేండ్లును, వారు శిఖరమును చేరినారా లేదా అని లోకము చర్చించినది. నేటికిని ఆ చర్చ తెగలేదు. దిగిరావలసినవారు ఎందువలన దిగిరాలేకపోయినారు అని అడిగినవారు తక్కువ. వృద్ధ హమాలీ ప్రశ్న అచ్చటను గౌరవము లేనిదిగనే తోచియుండవచ్చును.

ప్రజల స్పందన రెండవ రూపము స్మారకము. ఇచ్చట మన నేల చరిత్రను ఒకసారి తిరగవేయవలెను. ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి మరణము మనకు ఏ రాజశాసనము వలనను తెలియలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అను ఒక సేవకుడు 1289లో వేయించిన శిలాశాసనము వలన తెలిసినది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందినారని చెప్పి, వారి పుణ్యము కొరకు సోమనాథ దేవునికి భూమిని ఇచ్చినట్లు అందు వ్రాయించినాడు. మహారాణి మరణించినదన్న వార్తను ఏడు వందల ఏండ్లు దాటి మనకు చేర్చినది ఒక సేవకుని కృతజ్ఞత. దుఃఖమును రాతిపై పెట్టుట ఈ దేశమున అంత పాత అలవాటు.

రాజులకే కాదు, సామాన్య వీరులకును రాళ్ళు నిలిచినవి. ఊరి పశువులను దొంగలనుండి విడిపింపబోయి చనిపోయినవానికి, పులితో పోరాడి కూలినవానికి, యుద్ధమున పడినవానికి మన పల్లెలలో వీరగల్లులు పాతినారు. నేటికిని ఊరి పొలిమేరలలో, గుడి ఆవరణలలో, కొన్ని చోట్ల పొలముల గట్లమీద అవి కనబడుచున్నవి. మూడు వరుసలుగా చెక్కిన వీరగల్లులను మీరు చూచియుందురు. పై వరుసలో వీరుడు కైలాసమున శివలింగము ముందు చేతులు జోడించి కూర్చుండును. నడిమి వరుసలో అప్సరసలు అతనిని చేతులమీద మోసికొనిపోవుచుందురు. క్రింది వరుసలో పోరాటము ఉండును. ఎవరు ఎదుటివారు, వీరుని చేత ఏ ఆయుధమున్నది, అతడు ఎట్లు కూలినాడు అన్నది శిల్పి అచ్చట దాచక చూపును. ఆ రాయిని చూచిన పిల్లవానికి స్వర్గము ఒక్కటియే కనబడదు. బాణము ఎచ్చట నాటినదో కూడ కనబడును.

ఇప్పుడు మస్తాన్ బాబు కథలో మిక్కిలి ముఖ్యమైన మలుపునకు వచ్చుచున్నాము. ఆయనకు పర్వతములమీద మక్కువ ఎట్లు కలిగినది? కోరుకొండ సైనిక పాఠశాలలో ఒక విగ్రహమున్నది. అది ఆ పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావుది. 1985లో భారత సైన్యము ఎవరెస్టుకు పంపిన బృందములో ఆయన ఒకరు. ఆ అక్టోబరులో మేజర్ కిరణ్ కుమార్ జారిపడి మరణించినారు. పిమ్మట తుపానులో చిక్కి, చలికి నలుగురు అధికారులు ప్రాణములు కోల్పోయినారు. ఆ నలుగురిలో ఉదయభాస్కరరావు ఒకరు. మరియొకరు మేజర్ జయవర్ధన్ బహుగుణ. ఆయన అన్న హర్షవర్ధన్ బహుగుణ 1971లో అదే ఎవరెస్టుమీద మరణించినారు. అన్న పోయిన కొండకు తమ్ముడు పోయినాడు.

కోరుకొండలో ఆ విగ్రహము చూచుచు పెరిగిన బాలుడు మస్తాన్ బాబు. ఆ రాతిబొమ్మ ఆయనను ఎవరెస్టు శిఖరమునకు చేర్చినది. ఏడు ఖండములను చుట్టించినది. మన జాతికి ఒక కీర్తిని తెచ్చినది. ఆ బాటయే చివరకు ఆయనను ఆండీస్ మంచులో విడిచినది. ఒక మరణమునకు నిలిపిన స్మారకము ఒక జీవితమును వెలిగించినది. ఆ జీవితమును మరియొక మరణము దగ్గరకు నడిపించినది. ఈ రెండును నిజములే. రెండవ నిజమును చెప్పుటకు మనకు నోరు రాదు. చెప్పినచో మృతుని అవమానించినట్లగునేమో అని భయము.

మా అభిప్రాయములో ఆ భయము తగదు. స్మారకము వద్దని మేము అనుట లేదు. విగ్రహము చూచి పిల్లలు కొండలెక్కుటయే మానవలెనని అంతకంటెను అనుట లేదు. వరంగల్లు నుండి హైదరాబాదు పోవు దారిలో భువనగిరి ఏకశిలాపర్వతము మీకు తెలియును. ఆ గుట్టమీద శిక్షణ పొందిన పిల్లలలో నుండి నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కి, క్షేమముగా దిగివచ్చినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆ బిడ్డలు శిక్షకుల వెంట తాడు కట్టుట నేర్చినారు, చలికి ఓర్చుట నేర్చినారు, ఆగుమన్నచోట ఆగుట నేర్చినారు. పర్వతారోహణ విద్యలో కష్టమైన పాఠము ఎక్కుట కాదనియు, శిఖరము కండ్లముందు కనబడుచుండగా వెనుకకు మరలుటయే అనియు ఆ విద్య ఎరిగినవారందరు చెప్పుదురు.

అదే 2014లో, ఏప్రిల్ 18న, ఎవరెస్టు దక్షిణపు దారిలో హిమపాతము విరిగిపడి పదునారుగురు నేపాలీ సహాయకులు మరణించినారు. వారిలో ఒక్కని పేరైనను కాశిబుగ్గ కూడలిలో వినబడలేదు. ఇతరుల మూటలు, నిచ్చెనలు, ఊపిరి సీసాలు మోయుటకు కొండనెక్కిన కూలీలు వారు. ప్రసిద్ధుడు పోయినపుడు మన కంట నీరు వచ్చుట సహజము. ఆ నీటిలో ఒక్క చుక్కయైన వారికి చెందవలెను. బస్తాలు మోసే ఆ వృద్ధుడు "ఎవరు పొమ్మన్నరు?" అన్నపుడు, కూలికొరకు పోవువానిని ఆకలి పొమ్మనునన్న సంగతి ఆయనకు మనకంటె బాగుగా తెలిసియుండును. ఆకలి లేకయే పోయినవాడు ఎందుకు పోయినాడో తెలిసికొనగోరి ఆయన అడిగినాడు. అది నింద కాదని ఇప్పుడు మాకు తోచుచున్నది.

ఆ ప్రశ్నకు మా సమాధానము ఇది. మస్తాన్ బాబును ఎవరును పొమ్మనలేదు. ఒక రాతిబొమ్మను చూచి, తాను కూడ అంత ఎత్తునకు పోగలనా అని ఒక పల్లె బాలుడు తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు. పోగలనని ఏడుసార్లు లోకమునకు చూపినాడు. తుదకు ఒకసారి, ఒంటరిగా, తుపాను ఎదుట, ఆయన బలము చాలలేదు. ఇందు ఆయన గొప్పతనమునకు తరుగు ఏమియు లేదు. దాచిపెట్టుటవలననే తరుగు కలుగును.

కావున రేపు ఏ ఊరిలోనైన ఇట్టి వీరునికి విగ్రహము నిలుపునపుడు, క్రింది పలకమీద బిరుదులు, పతకములు మాత్రమే చెక్కించి ఊరకుండరాదు. ఆయన ఎన్నేండ్లు అభ్యాసము చేసినాడో, ఏ దినమున ఏ గాలి వీచినదో, తోడు ఉన్నారో లేదో, దేహమును తెచ్చుటకు ఎందరు శ్రమించినారో అదియు వ్రాయించవలెను. మన పూర్వుల శిల్పికి ఈ సంగతి తెలియును. అతడు కైలాసమును చెక్కినాడు, క్రింది వరుసను వదలలేదు.

ఇండ్లలో రేడియో ముందు కూర్చుండి ఈ మాటలు వినుచున్న తల్లిదండ్రులకు ఒక విన్నపము. మీ బిడ్డ ఏదో ఒకనాడు పత్రికలోని చిత్రము చూపి, నేనును ఇట్లు ఎక్కెదనని అనవచ్చును. వద్దని నోరు మూయించకుడు. భళా అని వీపు తట్టి పంపివేయనూ వద్దు. దగ్గర కూర్చుండబెట్టి మస్తాన్ బాబు కథను మొదటినుండి చెప్పుడు. 172 దినముల సంగతి చెప్పుడు, మార్చి 24 సంగతియు చెప్పుడు. ఆ పిమ్మట భువనగిరి గుట్ట దగ్గరకు తీసికొనిపోయి, తాడు పట్టించి, ముందుగా దిగుట నేర్పించుడు.