గళ్ళలో చిక్కిన 'కట్టు'

తొమ్మిదో తరగతి పిల్లలకు పదసంపద చెప్పే మిషతో ఒకరోజు నల్లబల్ల మీద గళ్ళు గీశాను. ఒక అడ్డ పదానికి నేనిచ్చిన ఆధారం: 'సడలితే పని చెడుతుంది'. రెండక్షరాలు. నిలువు పదం పుణ్యమా అని రెండో గడిలో 'ట్టు' అప్పటికే వచ్చి కూర్చుంది. నా జేబులోని కాగితం మీద జవాబు 'పట్టు'. ఒక పిల్లవాడు 'జట్టు' అన్నాడు. వెనక బల్ల మీది అమ్మాయి 'కట్టు' అంది. వాళ్ళ నాన్న తాపీ పనిచేస్తాడు. పరంజా కట్టు సడలితే పనేమిటి, మనిషే పోతాడని ఆ పిల్ల వివరణ. నేను మార్కు 'పట్టు'కే వేశాను. కారణం అడిగితే కాగితం మీద అదే ఉందన్నాను. పాతికేళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి, అంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు.

ఈ సిగ్గు నన్ను ఈ ఆట చరిత్ర వైపు నడిపించింది.

1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు వజ్రాకారపు గళ్ళలో తొలి పజిల్ వేశాడు. 1924లో అమెరికాలో అది పుస్తకంగా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. మొదట్లో ముక్కు చిట్లించిన లండన్ 'టైమ్స్' కూడా 1930లో లొంగిపోయింది. తెలుగులోకి వచ్చేసరికి దీనికి మంచి పేర్లే దొరికాయి. శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అన్నాడు, ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అన్నాడు. ఇద్దరు మహాకవులు స్వయంగా గళ్ళు కట్టడాన్ని తీరికవేళ సరదాగా కొట్టిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించను. ఒక మాటను నాలుగు వైపుల నుంచి తిప్పి చూడటం కవి నిత్యం చేసే పనే.

అయితే ఇంగ్లీషు గడిలో ఒక్క లిపి గుర్తు పడితే మన గడిలో గుణింతంతో, ఒత్తుతో సహా నిండు అక్షరం పడుతుంది. రెండక్షరాల మాటలో ఒకటి దొరికినా రెండోది తెరిచే ఉంటుంది. 'ట్టు' ఒక్కటి ఇస్తే చెట్టు, గుట్టు, మెట్టు, ఒట్టు, బొట్టు, తిట్టు, గట్టు అన్నీ వాకిట్లో నిలబడతాయి. వాటిలోంచి ఒక్కదాన్ని లోపలికి పిలవవలసింది ఆధారమే. ఆధారం గోడమీద పిల్లి అయితే ఆట జూదమవుతుంది.

ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మన దేశంలో బహుమతి పజిళ్ళు పెద్ద వ్యాపారమయ్యాయి. రుసుం కట్టి కూపను పంపాలి. ఒకే ఆధారానికి రెండు మూడు మాటలు సమానంగా పొసగుతాయి. నిర్వాహకుడు ముందే ఒకటి నిర్ణయించి ఉంచుతాడు. పోటీదారుడు కనుక్కోవలసింది మాట అర్థాన్ని కాదు, నిర్వాహకుడి మనసును. నెల జీతం మీద బతికే చిన్న గుమాస్తా తన భాషాజ్ఞానం మీద పందెం కాస్తున్నాననుకుంటాడు, నిజానికి కాసేది అదృష్టం మీద. భాషకున్న సంపదే, అంటే ఒక మాటకు పది అర్థాలుండటమే, ఇక్కడ వల అయింది.

1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకు మొత్తం బహుమతులు వెయ్యి రూపాయలు దాటే పోటీలను నిషేధించింది. అంతకు లోబడిన వాటికి కూడా లైసెన్సు, ఎంట్రీలు రెండువేలు మించరాదనే హద్దు పెట్టింది. వ్యాపారస్వేచ్ఛ తమ ప్రాథమిక హక్కని నిర్వాహకులు సుప్రీంకోర్టుకెక్కారు. 1957 ఏప్రిల్ 9న కోర్టు తీర్పు చెప్పింది: జూదం వ్యాపారం కాదు, దానికి ఆ హక్కు వర్తించదు, నైపుణ్యం మీద ఆధారపడ్డ పోటీల జోలికి మాత్రం ఈ చట్టం రాదు. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్.దాస్ అదే రోజు వెలువడిన జంట తీర్పులో ఋగ్వేదంలోని జూదరి దాకా, ధర్మరాజు పాచికల దాకా వెనక్కి వెళ్ళారు. వేదాల దాకా వెళ్ళకపోయినా, ఒక పజిల్ ఆధారాన్ని నాలుగుసార్లు చదివితే సరిపోయేదని నాకనిపిస్తుంది.

పందెం కట్టినా, నుడి కట్టినా 'కట్టు' ఒకటే. ఈ మాటను కాసేపు పరికించండి. చీరకు కట్టు, గాయానికి కట్టు, చారులోకి పప్పుకట్టు. మబ్బు కడుతుంది, మీగడ కడుతుంది. తాళి కడతారు, వేషం కడతారు, జట్టు కడతారు, పాటకు వరస కడతారు. శిస్తు కట్టినవాడే, వడ్డీ కట్టినవాడే, చివరికి నోరూ కడుపూ కట్టుకొని కట్టుబట్టలతో ఊరు విడిచాడు. ఇల్లు కట్టిన కూలీ ఆ ఇంట్లో ఉండడు. ఈ అర్థాలన్నీ పండితుడి గదిలో పుట్టలేదు, పనిలో పుట్టాయి.

మన నిఘంటువులు చాలాకాలం వాటిని కావ్యాల్లోనే వెదికాయి. బ్రౌను 1852లో వాడుక మాటకు కొంత చోటిచ్చాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యప్రయోగానికే పెద్దపీట వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి నుంచి మాటలు సేకరించి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయం సంపుటం, 1962లో గాని రాలేదు. గళ్ళు కట్టేవాడు నిఘంటువు తెరుస్తాడు, నిఘంటుకారుడు కావ్యం తెరుస్తాడు. తాపీ మేస్త్రి పరంజా ఈ దారిలో ఎక్కడా తగలదు.

మరుసటి వారం ఆ అమ్మాయి మార్కు దిద్దాను. జట్టు అన్నవాడికీ వేశాను. ఈసారి ఆధారాలు మీరే రాసుకురండి అన్నాను. ఆ అమ్మాయి రాసింది: 'మా నాన్న పైకెక్కే ముందు చూసుకునేది, రెండక్షరాలు'. ముందు బల్ల కుర్రాడు చెయ్యెత్తి 'మెట్టు' అన్నాడు. గంట కొట్టేదాకా క్లాసు తగాదా తెగలేదు.