గార్డియన్ అంటే ఓనర్ కాదు

"నాన్నగారి జీపీఏ నా పేరు మీదే ఉంది. రేపు ఆయనకి మతిమరుపు ముదిరినా పనులేవీ ఆగవు." మన ఐటీ జనంలో, ముఖ్యంగా అమ్మానాన్నల్ని ఊళ్లో వదిలి దూరంగా ఉంటున్నవాళ్లలో, ఈ ధీమా చాలామందికి ఉంటుంది. చట్టం మాత్రం ఇలా అనదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం పోగొట్టుకున్నా ఆ అధికారం అక్కడితో సరి. అంటే ఏ రోజు కోసమని కాగితం రాయించుకున్నామో, సరిగ్గా ఆ రోజునే అది చెల్లదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ 1954లో వర్జీనియా రాష్ట్రం మొదలుపెట్టిన డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ పద్ధతి మిగతా రాష్ట్రాలకీ పాకింది. ఇంగ్లండు 1985లో అలాంటి చట్టమే చేసుకుంది, 2005లో దాన్ని ఇంకా పెంచింది. మన దగ్గర అది లేదు. ఇక మిగిలేది గార్డియన్. చిన్నపిల్లల గార్డియన్ కాదు, 18 నిండిన మనిషికి గార్డియన్. ఈ పదం వెనక చాలా పాత కథ ఉంది. అది తెలిస్తే గార్డియన్ బాధ్యతలేమిటో విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

ముందు మన సంగతి. తెలుగు ప్రాంతాల్లో హిందూ కుటుంబాల ఆస్తి పంపకాలు మితాక్షరను బట్టి నడిచాయి. 13వ శతాబ్దంలో, తన దశకుమారచరిత్రాన్ని తిక్కనకు అంకితమిచ్చిన కేతన, ఈ మితాక్షరనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. ఆ ధర్మశాస్త్రం పిచ్చివాళ్లనీ, బుద్ధి ఎదగనివాళ్లనీ, అంధుల్నీ, నయంకాని రోగాలున్నవాళ్లనీ ఒక గాటన కట్టి, వాళ్లకి వాటా లేదంది. తిండీ బట్టా మాత్రం ఇంటివాళ్లు తప్పకుండా పెట్టాలంది. పైకి దయగానే కనిపిస్తుంది. కానీ ఆస్తే లేనివాడి తరఫున లెక్క అడిగేదెవరు? అన్నదమ్ముల పంచన పడి ఉండటమే అతని బతుకు. 1928లో వచ్చిన చట్టం పుట్టుకతో మతిలేనివాళ్లని మినహాయించి మిగతావాళ్లకి వాటా ఇచ్చింది. ఏ జబ్బూ, ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కాదని పూర్తిగా తేల్చింది 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్. అంటే ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టిన మనిషి కాగితం మీద వాటాదారుడై డెబ్భై ఏళ్లే అయింది.

ఇంగ్లండు దారి వేరు. 14వ శతాబ్దపు తొలినాళ్ల నాటి 'రాజు హక్కుల' శాసనం వీళ్లని రెండు రకాలుగా చూసింది. పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాళ్ల భూమిని రాజు తన అధీనంలోకి తీసుకుని, వాళ్లకి కావలసినవి చూసి, మిగిలిన ఆదాయం తనే ఉంచుకోవచ్చు. మధ్యలో మతి తప్పినవాళ్ల విషయంలో అలా కుదరదు. భూమి చెడకుండా కాపాడాలి, అతన్నీ అతని కుటుంబాన్నీ దాని మీదే పోషించాలి, మిగిలింది దాచి, మతి కుదిరాక అతనికే అప్పగించాలి. రాజుకి పైసా లేదు. నా లెక్కలో ఈ రెండో షరతే గార్డియన్ బాధ్యతలకి పునాది. కాపలా కాసినందుకు చేను కాపలాదారుది అయిపోదు.

తర్వాత అక్కడి కోర్టులు ఇంకో కిటుకు కనిపెట్టాయి. మనిషిని ఒకరికీ, ఆస్తిని ఇంకొకరికీ అప్పగించడం. ఆస్తి చూసుకునే పని వారసుడికి ఇవ్వొచ్చు, ఎలాగూ తనకు రాబోయేదే కాబట్టి జాగ్రత్తగా చూస్తాడు. మనిషిని మాత్రం అతని చేతిలో పెట్టకూడదు. ఎందుకంటే ఆ మనిషి ఎంత తొందరగా పోతే వారసుడికి అంత లాభం. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, అందుకే చట్టంలో రాసి పెట్టారు. మన వైపు 1858లో ఒకేసారి మూడు లూనసీ చట్టాలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 1912 భారత లూనసీ చట్టంలో ఈ నియమం 72వ సెక్షనుగా ఉంది. వారసుణ్ణి మనిషికి గార్డియన్‌గా పెట్టాలంటే, అది ఆ మనిషికి ఎందుకు మేలో జడ్జి కారణాలు రాసి మరీ పెట్టాలి.

అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కూడా నడిచింది. 1804 నాటి రెగ్యులేషనుతో మొదలై, 1902లో కొత్త చట్టమైంది. పేరులో కోర్టు ఉంది కానీ నడిపింది రెవెన్యూ బోర్డు. మైనర్ జమీందార్లవీ, మతిస్థిమితం లేనివాళ్లవీ, 'నిర్వహణ చేతకాదు' అని సర్కారు తేల్చిన ఆడవాళ్లవీ ఎస్టేట్లు దీని కిందకి వచ్చేవి. పేష్కష్ ఆగకుండా వసూలు కావడం సర్కారుకి ముఖ్యం. ఎస్టేటు లేని మామూలు ఇంట్లో మతి తప్పిన మనిషి గురించి ఈ వ్యవస్థకి పట్టింపే లేదు. గార్డియన్ని పెట్టేవాడికి ఏం కావాలన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్నే.

1912 చట్టం పోయి 1987 మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమల్లోకి వచ్చింది. జిల్లా కోర్టు మనిషికి గార్డియన్నీ, ఆస్తికి మేనేజర్నీ పెట్టొచ్చు. ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా జమాఖర్చులు ఇవ్వాలి. కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అయిదేళ్లకి మించి లీజుకి ఇవ్వకూడదు. మన భాషలో చెప్పాలంటే రూట్ యాక్సెస్ ఇచ్చారు, కానీ లాగ్ ఆపేసే వీలు లేకుండా ఇచ్చారు.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం వచ్చింది. జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యమున్న వ్యక్తి ఒకరు కలిసిన కమిటీ గార్డియన్ని నియమిస్తుంది. అసలు గార్డియన్ అవసరమా, ఏ పనుల కోసం అవసరం అని ఆ కమిటీ ముందే తేల్చుకోవాలి. ఆరు నెలల జాబితా, ఏటా లెక్కలు ఇక్కడా ఉన్నాయి. గార్డియన్ హింసించినా, పట్టించుకోకపోయినా, డబ్బు మింగినా తల్లిదండ్రులో బంధువులో ఫిర్యాదు చేసి తీయించెయ్యొచ్చు.

ఇంతవరకూ కథంతా ఆస్తి చుట్టూనే తిరిగింది. ఆ మనిషి ఏమంటున్నాడని ఎవరూ అడగలేదు. 2009లో సుప్రీంకోర్టు ముందుకి చండీగఢ్ నుంచి ఒక కేసు వచ్చింది. ప్రభుత్వ ఆశ్రమంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన యువతి, కొద్దిపాటి బుద్ధిమాంద్యం ఉంది. సంరక్షణ బాధ్యత ఉన్న యంత్రాంగం గర్భస్రావం చేయిద్దామంది, హైకోర్టు సరేనంది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. ఆమె ఒప్పుకోకుండా చెయ్యడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. బుద్ధిమాంద్యం వేరు, మానసిక వ్యాధి వేరు, ఆమె తరఫున ఇంకొకరు సరే అనేస్తే కుదరదు అంది. తీర్పుతో ఏకీభవించనివాళ్లు కూడా అది అడిగిన ప్రశ్నని దాటి పోలేరు.

అప్పటికే 2007లో ఇండియా వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆమోదించింది. దాని ఫలితంగా వచ్చిన 2016 చట్టం 14వ సెక్షన్ 'పరిమిత గార్డియన్' అనే మాట తెచ్చింది. ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువుకి, ఇద్దరూ కలిసి, ఆ మనిషి ఇష్టాన్ని బట్టి నడుచుకోవాలి. 'బదులుగా' అన్నది పోయి 'తోడుగా' అన్నది వచ్చింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పాత 1987 చట్టాన్ని రద్దు చేసింది. వైద్యం విషయంలో ముందస్తు ఆదేశం రాసుకోవచ్చు, తన ప్రతినిధిని తనే ఎంచుకోవచ్చు. మంచిదే. కానీ పాత చట్టంతో పాటు ఆస్తికి మేనేజర్ని పెట్టే అధ్యాయం కూడా పోయింది, దాని బదులు ఏమీ రాలేదు. డిమెన్షియా వచ్చిన తండ్రి ఎఫ్‌డీ విడిపించి ఆయన వైద్యానికే వాడాలన్నా, కోమాలో ఉన్న భార్య పేరున ఉన్న ఫ్లాటు అమ్మాలన్నా, చాలా కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. 2019లో కేరళ హైకోర్టు కోమా రోగుల విషయంలో కొన్ని నియమాలు పెట్టింది. మెడికల్ బోర్డు నివేదిక ఉండాలి, తాసిల్దారుకి తగ్గని అధికారి ఇంటికెళ్లి చూడాలి, గార్డియన్ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి.

ఏడు వందల ఏళ్ల నుంచి చూస్తే గార్డియన్ని అడిగే ప్రశ్నలు మూడే. లెక్కేది? దీంట్లో నీకేం లాభం? ఆ మనిషి ఏమన్నాడు? చట్టం అడగకపోయినా ఈ మూడూ మనమే అడుక్కోవాలి. అమ్మ పెన్షన్ చూస్తున్న అన్నయ్యని లెక్క అడిగితే "నన్నే అనుమానిస్తావా?" అంటాడు. నిజానికి లెక్క రాసి పెట్టుకుంటే ముందు కాపాడేది అన్నయ్యనే. ఎవరూ అడక్కుండానే నెలకోసారి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ ఓ ఎక్సెల్ షీట్ పంపితే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

మూడో ప్రశ్నకి మాత్రం గడువుంది. అమ్మానాన్నలు మాట్లాడగలిగినప్పుడే అడగాలి. ఎవరి దగ్గర ఉండాలనుంది, ఏ ఆస్తి అమ్మొద్దు, ఏ వైద్యం వద్దు, ఎవరి చేతిలో డబ్బు పెట్టాలి అని. జవాబులు తేదీ వేసి రాసి పెట్టుకోవాలి. వాళ్ల పెద్దకొడుకు అమెరికాలో ఎంత సంపాదిస్తున్నా, ఆ జవాబులు వాళ్లవే కావాలి.