కాటుక రేకుల పొడ – మన తీరపు పాముల బొమ్మలు చెప్పే వైద్య చరిత్ర

శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల చిత్రములు, దైవజనుల చిత్రములు ఉండుట ఆచారము. మేము మాత్రము పాముల బొమ్మలను గూర్చి వ్రాయదలచాము. ఇదేమి వింత అని సంఘస్థులు అనుకొనవచ్చును. కాని నెల్లూరు తీరములో వరిమళ్లలోను, సరుగుడు తోటలలోను కష్టపడే మన కుటుంబములలో పాముకాటు సంగతి ఎరుగని ఇల్లు అరుదు. వైద్యులు ఈ ఆపదను ఎట్లు ఎదుర్కొన్నారో కొన్ని పాత బొమ్మలు, కొన్ని పాత వస్తువులు చక్కగా చెప్పగలవు.

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్టణమునకు వచ్చాడు. అంతకుముందు సిరియా దేశములోని అలెప్పోలో పనిచేసి, 1760–62లో అక్కడ చెలరేగిన ప్లేగును కళ్లారా చూసినవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతనిని ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. పాముకాటు చావులు కంపెనీ వారిని కూడా కలవరపెట్టుచున్న కాలమది. ఏది విషసర్పమో, ఏది కాదో చూపుతో గుర్తుపట్టుటకు ఆనవాలు ఉన్నదా? ఇదే అతని ముందున్న ప్రశ్న. కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము 1796లో లండనులో అచ్చయింది. అందులో రంగుల బొమ్మలు కలవు. కోరమాండల్ తీరమంటే మన తీరమే.

ఆ పుస్తకము ఇంగ్లీషు. పాముల పేర్లలో మాత్రము అనేకము తెలుగు. ఒక బొమ్మ దగ్గర ఇంగ్లీషు అక్షరములలో “కాటుక రేకుల పొడ” అని ఉన్నది. వీపు మీద వరుసగా గోధుమ రంగు మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్లు నల్లని అంచు. ఆ పేరు విన్నవాడు పామును చూడగానే పోల్చుకొనగలడు. మనము రక్తపింజర అనేది దీనినే. మరొక పామును “బంగారం పాము” అన్నారు. ఆ మాటనుండియే కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు “బంగారస్” అని పేరు పెట్టారు. ప్రపంచములో ఏ దేశపు వైద్యుడు కట్లపామును గూర్చి వ్రాసినా మన తెలుగు మాట వ్రాయవలసినదే!

ఇక్కడ మాకు కొంచెము బాధ కలిగించే సంగతి ఒకటున్నది. రక్తపింజర నేడు లోకమంతటా రస్సెల్ పేరుతో పిలువబడుచున్నది. “కాటుక రేకుల పొడ” అని అతనికి పలికి వినిపించినవారి పేరు ఎవరికి తెలుసు? మన పాత మిషను ఫోటోలలో కూడా డాక్టరమ్మ పేరు క్రింద అచ్చయి ఉండును. పక్కన నిలబడిన ఆయా, కాంపౌండరు పేర్లు లేకుండానే మిగిలిపోతారు.

నెల్లూరు జిల్లాలో పామును, మూలికను అందరికన్న బాగా ఎరిగినవారు యానాదులు. శ్రీహరికోట అడవిలో తేనె, కుంకుడుకాయలు, సుగంధిపాల, ముషిణి గింజలు సేకరించి ఇచ్చినది వారే. వీటిలో కొన్ని మందుల అంగళ్లకు చేరే సరుకులు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ దేశపు కులములను గూర్చి ప్రచురించిన సంపుటములలో యానాదుల ఫోటోలు కలవు. ఆ ఫోటోలలో వారి దేహము కనబడుతుంది, వారి తెలివి కనబడదు.

మరల రస్సెల్ దగ్గరకు వస్తాము. ఆ దినములలో తంజావూరు మాత్ర అనేది పాముకాటుకు గొప్ప మందుగా ప్రసిద్ధి పొందింది. అందులో పాషాణము, పాదరసము కలిసి ఉండేవి. రస్సెల్ కుక్కల మీద, కోళ్ల మీద పాముకాటు వేయించి పరీక్షించాడు. మాత్ర పని చేయలేదు. అయినను దానికంత పేరు ఎట్లు వచ్చింది? కరిచే పాములలో చాలా వాటికి విషమే లేదు. విషసర్పము కరిచినప్పుడు కూడా ఒక్కొక్కసారి విషము ఎక్కదు. అట్టివాడు మాత్ర మింగినా, మంత్రము వేయించుకొన్నా, ఏమీ చేయకున్నా బ్రదుకును. బ్రదికినవాడు నలుగురికి చెప్పుకొనును. చనిపోయినవాడు చెప్పడు గదా.

పామురాయి సంగతి ఇంకను విచిత్రము. సన్నని రంధ్రములు గల ఒక నల్లని బిళ్ల. కాటు మీద పెట్టితే రక్తము పీల్చి అంటుకొనును. విషము పీల్చినదని జనుల నమ్మకము. 17వ శతాబ్దములో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సిస్కో రేడి దీనిని పరీక్షించి వ్యర్థమని తేల్చాడు. తరువాత సింహళపు రాయి ఒకటి శాస్త్రవేత్త ఫారడే చేతికి వచ్చినప్పుడు అది కాల్చిన ఎముకయే అని చెప్పాడు. మనము ఇతరులను చూసి నవ్వవలసిన పని లేదు. మిషనరీలలో సైతము ఈ నల్లరాయిని పంచిపెట్టినవారు ఉన్నారు. మోషే నిలువబెట్టిన ఇత్తడి సర్పమునకు జనులు ధూపము వేయ మొదలుపెట్టినప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించిన సంగతి రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయములో కలదు. స్వస్థతకు గురుతుగా నిలిచిన వస్తువునే పగులగొట్టవలసివచ్చింది!

1872లో జోసెఫ్ ఫేరర్ అను వైద్యుడు భారతదేశపు విషసర్పములను గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించాడు. దాని బొమ్మలు వేసినది కలకత్తా చిత్రకళాశాల విద్యార్థులు. అతని నాటికి కూడా విరుగుడు దొరకలేదు. తరువాత వియత్నాములో వరదకు నాగుపాములు ఊరిలో చొరబడి జనులను కరిచినప్పుడు, అక్కడ పనిచేయుచున్న ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ పరిశోధనకు పూనుకొన్నాడు. 1890ల నడుమ గుర్రములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి రక్తము నుండి మందు తీశాడు. తుపాను ఎరిగిన మనకు ఆ వరద దృశ్యము ఊహించుట కష్టము కాదు. అయితే నాగుపాము విషముతో చేసిన మందు రక్తపింజర కాటుకు పనికిరాదని త్వరలోనే తెలిసింది. “ఏ పాము?” అన్న రస్సెల్ ప్రశ్న మరల ముందుకు వచ్చింది. అందుచేతనే నేడు మన ఆసుపత్రులలోని మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికి కలిపి తయారగుచున్నది. దానికి కావలసిన విషమును తీసి ఇచ్చుటలో మద్రాసు సమీపమున 1978లో ఏర్పడిన ఇరులర్ల సహకార సంఘము ముఖ్యమైనది. యానాదుల వలె వారును పాములు పట్టుటలో నేర్పరులు.

మందు ఉన్నది, చావులు ఆగలేదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనము లెక్కకట్టింది. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో మనదియు ఒకటి. మంత్రగాని యింట గడిచిన గంటలు మరల రావు. కోయకూడదు, బిగించి కట్టకూడదు, కాలు కదపనీయక నేరుగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సంఘ పెద్దలు ఈ మాటను ఆదివారము ప్రకటనలలో చేర్చిన మేలు.

అక్కడ డాక్టరు చేసే ఒక పరీక్షను సంఘస్థులు చూసియుండవచ్చును. శుభ్రమైన పొడి గాజుగొట్టములో కొంచెము రక్తము పోసి, 20 నిమిషములు కదపక ఉంచి, తరువాత వంచి చూస్తారు. రక్తము గడ్డకట్టక నీళ్లవలె జారిందా, కరిచినది పింజర జాతి పాము కావచ్చును, మందు వెంటనే ఎక్కించవలెను. ఆ గొట్టమునకు కరెంటు అక్కరలేదు, పల్లెటూరి ఆసుపత్రిలోనైనను ఒకటి ఉంచుకొనవచ్చును.