క్యారల్ రౌండ్లు, ధనుర్మాస భజనలు: ఉదయగిరి–ఆత్మకూరు పల్లెల క్రిస్మస్

తెలుగు బాప్టిస్టుల చరిత్ర రాసినవాళ్లలో చాలామంది డేవిడ్ డౌనీ 1893 నాటి 'లోన్ స్టార్' పుస్తకం దారినే పట్టారు. ఏ అమెరికన్ దొర ఎప్పుడొచ్చాడు, ఏ స్టేషన్ ఎప్పుడు తెరిచారు అన్న వరసలోనే కథ నడిపారు. ఆ వరసలో 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు వచ్చి చేరతాయి. పండగ ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు, దొరలే తెచ్చారనుకున్నారు. డిసెంబరులో ఈ ప్రాంతపు మాదిగపల్లెల్లో తిరిగాక నాకు ఆ లెక్క కుదరలేదు.

అసలు దొరల ఇళ్లలో ఆ పండగ పాతుకున్నదెంత? మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ జరుపుకున్నవాళ్లకు ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681 దాకా ఆ చట్టం అమల్లో ఉంది. అమెరికా ప్రభుత్వం క్రిస్మస్‌కు సెలవిచ్చింది 1870లో. మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరింది అంతకు ముప్పయ్యేళ్ల ముందు, 1840లో. ఈ అమెరికన్ బాప్టిస్టు మిషన్ నేటికీ తలుచుకునే తెల్లవారుజాము కూడా క్రిస్మస్‌ది కాదు. 1854 జనవరి 1న మిషనరీ జువెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసిన వేళ అది.

ఇక పల్లెల్లోకి వద్దాం. వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కడతారు, రంగు కాగితాలు అంటిస్తారు, లోపల దీపం అమర్చి గడకెత్తుతారు. ఒకప్పుడు వెంట పెట్రోమాక్స్ నడిచేది, ఇప్పుడు బ్యాటరీ లైటు. రాత్రి భోజనాలయ్యాక డప్పు, తాళాలు, హార్మోనియంతో బయల్దేరి గడపగడపకూ ఆగుతారు. వాకిట్లో పాట, ప్రార్థన, ఆపైన టీ, కానుక. ముందున్న మనిషి చరణం అందుకుంటే గుంపు పల్లవి తిప్పుతుంది. పాట ముగింపుకొచ్చేసరికి తాళం ఉరకలెత్తుతుంది, కాళ్లు వాటంతటవే అడుగులేస్తాయి. ఇంగ్లండు చర్చిలో క్యారల్‌ను నిలబడి నాలుగు గొంతుల మేళవింపుతో పాడతారు. ఇక్కడ వినిపించేది పండరిభజన నడక, కనిపించేది చెక్కభజన అడుగు. అవే రోజుల్లో ఊళ్లోని రామమందిరం నుంచి ధనుర్మాసపు నగర సంకీర్తన బయల్దేరుతుంది. హరిదాసు తలమీది అక్షయపాత్రలో ఇల్లాళ్లు బియ్యం పోస్తారు. క్రైస్తవ ఇల్లాలు ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడి పేర పక్కకు తీసి పెడుతుంది.

ఈ పాడే అలవాటు దొరల కంటే ముందుదనడానికి ఒక ఆధారం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో రాసిన 'వైల్ సోయింగ్ సాండల్స్'. ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ క్రైస్తవులు కొందరు అప్పటికే గురువుల దగ్గర ఉపదేశం పొందినవాళ్లని ఆమె నమోదు చేసింది. వాళ్లలో ఒకరైన యర్రగుంట్ల పేరయ్యది యోగమార్గం. అలాంటివాళ్లకు కూడి పాడటం దొరలు నేర్పాల్సిన విద్య కాదు. క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలు పల్లెపల్లెకూ అంత సులువుగా పాకింది ఆ అలవాటు మీదనే కావచ్చు. మిషన్ బడుల సెలవులూ, క్రిస్మస్ తాత వేషమూ బయటినుంచి వచ్చినవేనన్నది నిజమే.

కనుక నేను తిరిగిన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల క్రిస్మస్ పాట ధనుర్మాస భజన నడకలోనే పెరిగిందనిపిస్తుంది. 1854 నాటి ఆ కొండ ప్రార్థన జరిగిందీ ధనుర్మాసంలోనే. ఆ నెలలో తెల్లవారకముందే లేచి దేవుణ్ణి తలుచుకోవడం తెలుగు ఇళ్లకు అప్పటికే అలవాటు. ఆ ఉదయం కొండ ఎక్కినవాళ్లలో ఆ వేళను జువెట్ దంపతుల కన్నా ఎక్కువ ఎరిగినవాళ్లు ఆ ముగ్గురు తెలుగువాళ్లే కావచ్చు.