దుగరాజపట్నం కలంపని

చెన్నపట్నం పుట్టుకను గురించి రాసేవారంతా ఫ్రాన్సిస్ డేతో మొదలుపెడతారు. అంతకు ముందు ఆయన పనిచేసిన దుగరాజపట్నం ఊసు ఒక్క వాక్యంతో సరి. ఆంగ్లేయులు ఆర్మగాన్ అన్న ఊరు అదే. 2022 దాకా మన నెల్లూరు జిల్లాలోదే. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

1626 ప్రాంతంలో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థావరం పెట్టింది గుడ్డల కోసం. కలంతో రంగులద్దిన గుడ్డకు తూర్పుదీవులలో మిరియాలూ లవంగాలూ మారకంగా దొరికేవి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి, ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీటితో నల్లగీత గీసి, పటిక పూసి, చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు తేలుతుంది. ప్రతి రంగుకూ మళ్ళీ ఉతకడం, ఎండబెట్టడం. (చిరివేరు ఇసుకనేలల పంట; సముద్రతీరం అందుకే కలిసివచ్చింది.) ఇంత చేసినవాడు తన గుడ్డకు తానే బేరమాడలేడు. దళారి ముందుగా బయానా ఇస్తాడు, నమూనా కూడా కొనేవాడిదే.

1639లో డే దక్షిణానికి వెళ్ళి, అక్కడ గుడ్డ నూటికి 20 వంతులు చౌక అన్నాడు. మకాం చెన్నపట్నానికి మారింది. ఆ ఇరవై ఎవరి కూలి?

ఇదే కలంపనికి 2008లో శ్రీకాళహస్తికి చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. దుగరాజపట్నం పనివారిలో ఒక్కరి పేరూ నేను చదివిన పుస్తకాలలో కనబడలేదు.